ఆగమ్మ

కాన్పు బల్ల మడత సందులోకి గుడ్డను వేలితో దూర్చి, ఒకసారి తిప్పి, బయటికి లాగి చూసింది ఆయమ్మ. గుడ్డ తెల్లగానే వచ్చింది. అయినా నమ్మకం చాలక మళ్ళీ దూర్చింది. రాత్రి డ్యూటీ వాళ్ళు బల్ల తుడిచామంటారు గాని, సందులు ఎవరి కంటికి ఆనుతాయి? బ్లీచింగు నీళ్ళ ఘాటుకు కళ్ళు మండుతున్నాయి. ఈ గదిలో చేరిన కొత్తలో ఈ వాసనకు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకునేది. ఇప్పుడు ఇంట్లో పడుకున్నా చేతుల్లోంచి ఈ వాసన వస్తేగాని నిద్రపట్టదు. "నేను నిన్ను చేసుకున్నానా, ఆసుపత్రి వరండాని చేసుకున్నానా" అని మొగుడు ఎకసెక్కెం ఆడుతుంటాడు.

పొట్టి మనిషి. భుజాలు మాత్రం పొడుగుకు తగ్గట్టు కాక, ఇంకెవరివో తెచ్చి తగిలించినంత వెడల్పు. నెరిసిన జుట్టును బిగించి ముడేసి, టోపీలోకి తోసేస్తుంది. సబ్బునీళ్ళకు గోళ్ళు అరిగిపోయి, వేళ్ళ చివర్లు ఎప్పుడూ నానినట్టే ఉంటాయి. ఆమె పని గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. బల్ల తుడవాలి, బకెట్టు మార్చాలి, నొప్పులు పడే తల్లి కాలు పట్టుకోవాలి, బిడ్డ బయటికి రాగానే వెచ్చటి తువ్వాలు పట్టుకుని సిద్ధంగా ఉండాలి. చుట్టుపక్కల వీధుల్లో తిరిగే సగం మందిని మొట్టమొదట గుడ్డలో చుట్టింది తనేనని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఎవరికైనా చెబితే నమ్మరు, నమ్మినా చేసేదేం లేదు.

బల్ల తుడుస్తూ ఆమె పెదవులు కదుపుతోంది. మధ్యాహ్నం డ్యూటీ మారేటప్పుడు అందరి ముందూ నిలబడి అప్పజెప్పాల్సిన మాటలు అవి. "నాకు సంబంధం లేని విషయంలో జోక్యం చేసుకున్నాను. ఇకమీదట నోరెత్తను. క్షమించండి." పెద్ద డాక్టరమ్మ స్వయంగా కూర్చిన మాటలు. అవి చెబితే ఆయమ్మ ఈ గదిలో ఉంటుంది. చెప్పకపోతే వెనక బిల్డింగులో బట్టలుతికే చోటికి పోతుంది, రిటైరయ్యేదాకా అక్కడే.

పొద్దున బయల్దేరేటప్పుడు మొగుడు కుట్టుమిషను మీద నుంచి తలెత్తకుండానే హితబోధ చేశాడు.

"రెండు ముక్కలు అనేసి వచ్చెయ్. నీ సొమ్మేం పోయింది? నేను రోజూ అంటూనే ఉంటాను కదా. వాళ్ళు లావెక్కి చొక్కా బిగుతైనా, నాదే తప్పు బాబూ అంటాను. నాలుక ఏమైనా అరిగిందా?"

"నీది చొక్కా. కుట్లిప్పి మళ్ళీ వేసుకోవచ్చు" అంది ఆయమ్మ. అంటే అంది గాని, దారి పొడుగునా ఆలోచిస్తే అతని మాటే సబబనిపించింది. ఎందుకొచ్చిన గొడవ? తప్పు తనది కూడా ఉంది మరి.

ఆ తప్పేమిటో చెప్పాలంటే ముందు ఆ గది కట్టుబాటు ఒకటి చెప్పాలి. అది ఎక్కడా రాసి లేదు. వెనకటి పెద్దాయన, అంటే ఇప్పటి డాక్టరమ్మ కన్నా ముందున్న పెద్ద డాక్టరు, పెట్టింది. అప్పట్లో ఒక తల్లి నెత్తురు పోయి చనిపోయింది. బల్ల కింద బకెట్టు నిండుతుండటం గదిలో ఉన్న ప్రతివాళ్ళూ చూశారు. డాక్టరు చూసే ఉంటాడని సిస్టరు అనుకుంది. సిస్టరు చెప్పే ఉంటుందని మత్తుమందు ఇచ్చే డాక్టరు అనుకున్నాడు. మిగతావాళ్ళు, ఇంతమంది పెద్దవాళ్ళుండగా మనమెంత అనుకున్నారు. మర్నాడు పెద్దాయన ఊడ్చేవాళ్ళతో సహా అందరినీ పిలిచాడు.

"ఈ రోజు నుంచి ఈ గదిలో ఎవరు 'ఆగండి' అన్నా అందరి చేతులూ పైకి లేవాలి. ముందు నావి లేస్తాయి. ఎందుకన్నారో చేతులు లేచాక అడుగుదాం. అన్నవాళ్ళు పొరబడ్డారనుకోండి, ఇంకా మంచిది. ఎవరికీ ఏమీ కాలేదన్నమాట."

ఆయన అన్నట్టే చేశాడు. ఎన్నోసార్లు ఎవరో ఒకరు ఆగండి అన్నారు. వాటిలో చాలాసార్లు ఊరికే అన్నారు. ప్రతిసారీ ఆయన చేతులు భుజాల దాకా లేచేవి, విషయం తేలాక అన్నవాళ్ళకు థాంక్స్ చెప్పి మళ్ళీ పనిలో పడేవాడు. ఇన్నేళ్ళలో ఆయమ్మ మాత్రం ఆ మాట ఒక్కసారీ వాడలేదు. అవసరం పడలేదు. మొన్న పడిందనుకుంది.

మొన్న ఇద్దరు తల్లులు ఒకేసారి ఆపరేషనుకు సిద్ధమై ఉన్నారు. ఒకామెది తొలి చూలు. కడుపులో బిడ్డ గుండె నెమ్మదిస్తోందని తొందరగా లోపలికి తెమ్మన్నారు. రెండో ఆమెకు తొందరేం లేదు. ఇద్దరికీ ఒకే రంగు గౌను, ఒకే రంగు టోపీ. ఆయమ్మ నిలబడేది బల్లకు కాళ్ళ వైపు. మొహాలు అడ్డంగా కట్టిన గుడ్డకు అవతల ఉంటాయి. అందుకే ఆమె తల్లులను కాళ్ళతోనే గుర్తుపెట్టుకుంటుంది. తొలి చూలు పిల్లకు కాలి గోళ్ళకు ఎర్రరంగు ఉంది. పొద్దున కాళ్ళు కడిగినప్పుడు ఆయమ్మ చూసి నవ్వుకుంది కూడా. తీరా బల్ల మీద చూస్తే గోళ్ళు బోసిగా ఉన్నాయి. డాక్టరమ్మ కత్తి అందుకుంది. ఆయమ్మ గుండె గుభేలుమంది. ఈమె ఆమె కాదు, అసలు తొందరున్న పిల్ల బయటే ఉండిపోయింది అనుకుంది.

"ఆగండి."

అలవాటు కొద్దీ అందరి చేతులూ లేచాయి. డాక్టరమ్మవి తప్ప. చేతికి కట్టిన పట్టీ చూశారు, పేరడిగారు. ఆ పిల్లే. నెత్తుర్లో ఆక్సిజన్ ఎంతుందో చూడ్డానికి వేలికి పెట్టే యంత్రం సరిగా చూపించాలని చేతి గోళ్ళ రంగు ఎప్పుడూ తుడిచేస్తారు. ఈసారి పెద్ద సిస్టరు, అంటే ఆ గదికి ఇన్‌చార్జి సిస్టరు, పనిలో పనిగా కాలి గోళ్ళవీ తుడిచేసింది. ఆ ముక్క ఆయమ్మకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఆయాలకు ఎవరు చెబుతారు గనక?

బిడ్డ బయటికొచ్చాక ఏడవడానికి కాస్త తాత్సారం చేసింది. ఆ కాసేపూ ఆయమ్మ ప్రాణం గిలగిల్లాడింది. తర్వాత ఏడ్చింది, బాగానే ఏడ్చింది. అయినా డాక్టరమ్మ గ్లవ్సు విప్పేటప్పుడు మొహం పాలిపోయి ఉంది. చెయ్యి తిరిగిన మనిషి, ఈ మధ్యే వచ్చింది, ఆమె కుట్లు వేస్తుంటే చూడముచ్చటగా ఉంటుంది. ఎప్పుడూ గొంతు పెంచదు. అప్పుడూ పెంచలేదు. "ఈ ఆటలు ఈ గదిలో ఇంకెప్పుడూ జరగకూడదు" అంది.

పెద్ద సిస్టరు కిమ్మనలేదు. గోళ్ళ రంగు తనే తుడిచానని ఒక్క మాట అంటే సగం గొడవ తీరిపోయేది. అనలేదు. మత్తు డాక్టరు మాత్రం టీ తాగుతూ ఆయమ్మకు "ఆగమ్మ" అని పేరు పెట్టాడు. సాయంత్రానికల్లా వార్డంతా పాకింది.

"ఆగమ్మా, బల్ల అయిందా?" అని కేకేసింది ఇప్పుడు వరండాలోంచి ఎవరో. ఆయమ్మ గుడ్డను బకెట్టులో పడేసి, "అయింది, తీసుకురండి" అంది.

నొప్పులతో వచ్చిన తల్లి మూడో కాన్పు మనిషి. అరవలేదు, తిట్టలేదు, బల్ల ఎక్కీ ఎక్కగానే పని కానిచ్చేసింది. ఆయమ్మ తువ్వాలు చాచే లోపే బిడ్డ చేతుల్లో ఉంది. నల్లటి జుట్టు, చిట్లించిన మొహం, ఇక్కడికి తనను పిలిచిందెవరని నిలదీస్తున్నట్టు ఒకటే ఏడుపు. ఆయమ్మ ఒళ్ళు తుడుస్తూ, "వచ్చావుగా, ఇంకేం చేస్తావు, సర్దుకో" అంది. ప్రతి బిడ్డకూ అదే చెబుతుంది.

వెనక డాక్టరమ్మ గొంతు వినిపించింది. నెత్తురు కాస్త ఎక్కువగా పోతోంది, గర్భసంచి బిగుసుకునే సూది ఇవ్వమంటోంది. సూది అందించాల్సింది మెతక సిస్టరు. ఆమె కొత్తదేం కాదు, ఇద్దరు పిల్లల తల్లి, పనిమంతురాలు. నోట్లో నాలుక లేదని ఆ పేరొచ్చింది. ఆయమ్మ బిడ్డను చుడుతూ అటు చూసింది. మెతక సిస్టరు సూదిలోకి మందు ఎక్కించింది. చెయ్యి చాచబోయి ఆపింది. పెదవులు విడివడ్డాయి. డాక్టరమ్మ వంక చూసింది, ఆయమ్మ వంక చూసింది, పెదవులు మూసుకుంది. చెయ్యి మళ్ళీ చాచింది.

సరిగ్గా అప్పుడే లోపలికొచ్చిన పెద్ద సిస్టరు బీపీ చూపించే యంత్రం వైపు ఒక చూపు విసిరి, ఆ సూదిని మధ్యలోనే అందుకుంది. "బీపీ బాగా ఎక్కువుంది డాక్టరమ్మా, ఇది వద్దేమో, రెండోది ఇద్దామా?" అంది. డాక్టరమ్మ యంత్రం వైపు చూసి, "అవును, రెండోదే ఇవ్వండి" అంది. అంతే. ఇచ్చారు. నెత్తురు కట్టింది. ఆ తల్లికి ఏదీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు.

గదిని మళ్ళీ శుభ్రం చేశాక చేతులు కడుక్కునే చోట మెతక సిస్టరు ఒక్కతే ఉంది. కొళాయి తిప్పి, చేతులు నీళ్ళ కింద పెట్టి, కడుక్కోకుండా చూస్తూ నిలబడింది.

"సిస్టరమ్మా, ఆ సూది సంగతి మీకు ముందే తెలుసా?" అంది ఆయమ్మ.

"బీపీ చూసింది నేనే. బీపీ ఉన్నవాళ్ళకి అది పడదు. ప్రాణం మీదికి రావచ్చు."

"మరి నోరు మెదపలేదేం?"

మెతక సిస్టరు చాలాసేపు సబ్బు రుద్దుకుంది. "ఎలా మెదపను ఆయమ్మా? యంత్రం తప్పు చూపించిందేమో అనిపించింది. ఒకవేళ నేనే పొరబడితే? మీకు జరుగుతున్నది చూస్తూనే ఉన్నాం కదా. నాకిద్దరు పిల్లలు. బదిలీ చేస్తే ఎక్కడికి పోతాను?"

పొద్దుట్నుంచి వల్లించుకుంటున్న మాటలు ఆయమ్మ నాలుక మీద మందు బిళ్ళలా చేదుగా తగిలాయి. తను పొరబడింది, సరే. తనకు శిక్ష పడితే పడనీ. ఆ శిక్ష అప్పుడే గదిలో తిరగడం మొదలుపెట్టింది, ఒకామె నోరు నొక్కేసింది, ఒక తల్లి ప్రాణాన్ని అంచు దాకా తీసుకెళ్ళి, పెద్ద సిస్టరు తలుపు తోసుకుని రాబట్టి వదిలిపెట్టింది. ఆమె ఇంకొంచెం ఆలస్యంగా వచ్చి ఉంటే? ఆయమ్మకు ఒళ్ళు మండిపోయింది. డాక్టరమ్మ మీదా, పెద్ద సిస్టరు మీదా, అన్నిటికన్నా ఎక్కువ పొద్దున మొగుడి మాటకు తలూపిన తన మీదా.

అన్నం డబ్బా ముట్టుకోకుండా పైన వార్డులోకి వెళ్ళింది. తొలి చూలు పిల్ల గోడకు ఆనుకుని కూర్చుని, ఒళ్ళో బిడ్డను ఎలా పట్టుకోవాలో తెలియక అవస్థ పడుతోంది. ఆయమ్మ బిడ్డ తలను మోచేతి వంపులోకి సర్ది, మంచం పక్కన నిలబడింది.

"నీతో ఒకటి చెప్పాలమ్మా. మొన్న ఆపరేషను దగ్గర ఆగండి అన్నది నేనే. నువ్వు వేరే మనిషివనుకున్నాను. నీ బిడ్డను కాసేపు ఆపాను. పొరపాటు నాది. నువ్వు తిట్టాలనుకుంటే తిట్టు."

ఆ పిల్ల కళ్ళు పెద్దవి చేసి చూసింది. "నేను విన్నాను. మెలకువగానే ఉన్నాను కదా. వేరే మనిషినని ఎందుకనుకున్నారు?"

"కాలి గోళ్ళకు రంగు లేదు. పొద్దున చూసినప్పుడు ఉంది."

ఆ పిల్ల దుప్పటి తొలగించి తన కాళ్ళ వంక చూసుకుంది. బిగ్గరగా నవ్వబోయి, కుట్లు లాగేసరికి పొట్ట పట్టుకుని ఆగింది. "అంత కష్టపడి వంగి వేసుకున్నానండీ, ఆ పొట్టతో. తుడిచేస్తుంటే నాకూ ఏడుపొచ్చింది" అంది. తర్వాత నవ్వు తగ్గి, బిడ్డ వంక చూసి, "ఒకవేళ నిజంగానే నేను బయట ఉండిపోయి ఉంటే, మీరు తప్ప ఎవరూ గమనించేవాళ్ళు కాదేమో" అంది. ఆయమ్మ దుప్పటి మళ్ళీ కాళ్ళ మీదికి లాగి, చుట్టూ చెక్కి, కిందికి వచ్చేసింది.

డ్యూటీ మారేవేళ సిస్టర్ల గది కిక్కిరిసింది. కుర్చీలు చాలక కొందరు గోడకు ఆనుకున్నారు. పెద్ద సిస్టరు బీరువా పక్కన నిలబడి తాళం చెవులను తిప్పుతోంది. మత్తు డాక్టరు తిరిగే ఫ్యాను వంక చూస్తున్నాడు, అది ఎప్పుడు ఊడిపడుతుందా అన్నంత శ్రద్ధగా. డాక్టరమ్మ కూర్చోలేదు.

"చెప్పు" అంది ఆయమ్మతో.

ఆయమ్మ చేతులు కట్టుకోలేదు. అవి రెండు పక్కలా వేలాడుతున్నాయి. "మొన్న నేను పొరబడ్డానమ్మా. దానికి మీ అందరి ముందూ తల వంచుతాను. ఇప్పుడే ఆ తల్లి దగ్గరికి వెళ్ళి చెప్పి వచ్చాను కూడా."

"మంచిది. మిగతాది?"

"మిగతాది చెప్పను."

డాక్టరమ్మ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "నీకు అర్థం కావడం లేదు. ఆ బిడ్డ గుండె పడిపోతోంది. నా చేతిలో కత్తి ఉంది. నువ్వు కాలి గోళ్ళు చూసి నన్ను ఆపావు. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఇంతకన్నా తక్కువ ఆలస్యానికి ఒక బిడ్డ పోయాడు. తల్లికి నేనే వెళ్ళి చెప్పాను. మొన్న కూడా అలాగే జరిగి ఉంటే ఎవరు జవాబు చెప్పేవాళ్ళు?"

ఆ మాటలో ఉన్న నొప్పి ఆయమ్మకు తగిలింది. ఆమెది అబద్ధపు కోపం కాదు. ఆ సంగతి ఒప్పుకోవాలి, ఒప్పుకుంది కూడా. అయినా అడుగు వెనక్కి పడలేదు.

"నేనేనమ్మా. నా గొంతే అన్నది, నేనే చెప్పేదాన్ని. ఆ తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పేదాన్ని. అయినా సరే, రేపు మళ్ళీ అలాంటిది చూస్తే మళ్ళీ అంటాను. కచ్చితంగా తెలిసినప్పుడే నోరు తెరవమంటే ఈ గదిలో ఎవరూ తెరవరమ్మా. మాకు కచ్చితంగా ఏం తెలుస్తుంది? భయం తెలుస్తుంది. ఆ భయాన్ని బయటికి చెప్పమన్నారు పెద్దాయన. మింగమని మీరంటున్నారు. పొద్దున ఒకరు మింగారు, నేను చూశాను."

మెతక సిస్టరు తల దించుకుంది. తన పేరు ఎక్కడ బయటపడుతుందోనని చెవులు ఎర్రబడ్డాయి. ఆయమ్మ ఆమె వంక చూడలేదు, పెద్ద సిస్టరు వంకా చూడలేదు. గోళ్ళ రంగు మాట ఎత్తనే లేదు. అలా ఎత్తకపోవడమే పెద్ద సిస్టరుకు ఎక్కువ గుచ్చుకున్నట్టుంది. తాళం చెవుల చప్పుడు ఆగిపోయింది.

"ఆ రంగు తుడిచింది నేను" అంది పెద్ద సిస్టరు, బీరువాతో చెబుతున్నట్టు. "కాలి గోళ్ళవి తుడవక్కర్లేదు. తుడిచాను. ఆయమ్మకు చెప్పలేదు. మొన్ననే అనాల్సింది."

డాక్టరమ్మ కళ్ళద్దాలు పెట్టుకుంది. "అది మనం వేరే మాట్లాడుకుందాం. నా గదిలో నా మాట చెల్లకపోతే నేను పని చెయ్యలేను. ఆయమ్మ రేపట్నుంచి లాండ్రీలో ఉంటుంది" అంది.

"రేపటిదాకా ఎందుకమ్మా, ఇప్పుడే పోతాను. బట్టలుతకడానికి చేతులు కావాలి, పట్టుకెళ్తాను. నోరు ఇక్కడ పెట్టి పొమ్మనలేదు కాబట్టి దాన్నీ పట్టుకెళ్తాను."

ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మత్తు డాక్టరు ఫ్యాను మీద నుంచి చూపు దించి, మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు. మరుక్షణం వరండాలో స్ట్రెచరు చక్రాల చప్పుడయింది, ఎవరో నొప్పులతో వచ్చారు. గది ఒక్క ఉదుటున ఖాళీ అయింది. కొట్లాటలకు కాన్పులు ఆగవు గదా.

ఆయమ్మ తన వస్తువులు సంచిలో వేసుకుంది. పెద్దగా ఏమున్నాయి, ఒక దువ్వెన, ఒక పాత శాలువా, ముట్టని అన్నం డబ్బా. పెద్ద సిస్టరు హడావుడిగా లోపలికి వెళ్తూ ఆమె దగ్గర ఆగింది.

"ఆలస్యంగా అన్నా, అన్నారు కదా" అంది ఆయమ్మ. "ఇంకోసారి కాలి గోళ్ళు తుడిస్తే కొత్తగా వచ్చే ఆయాకి చెప్పండి. అది చాలు."

పెద్ద సిస్టరు ఆమె మోచెయ్యి ఒకసారి నొక్కి లోపలికి వెళ్ళిపోయింది. తలుపు ఊగి మూసుకుంది. ఆయమ్మ గుమ్మం దగ్గర నేల మీద గీసిన ఎర్ర గీత ఇవతలికి వచ్చి, గదిలో తొడుక్కునే చెప్పులు విప్పింది. బయటి చెప్పుల కోసం వంగింది. లోపల మామూలు చప్పుళ్ళు. ట్రే పెట్టారు, కొళాయి కట్టారు, తల్లి ఒకసారి మూలిగింది, డాక్టరమ్మ నెమ్మదిగా ఏదో చెబుతోంది. ఇంతలో ఇంకో గొంతు, సన్నగా, సగం విరిగి వినిపించింది.

"ఆగండి."

మెతక సిస్టరుది. ఆయమ్మ వంగినది వంగినట్టే ఉండిపోయింది. లోపల చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. తలుపు అద్దంలోంచి కనిపించేవి భుజాలే. ఆ భుజాల పక్కన గ్లవ్సు తొడిగిన చేతులు ఒక్కొక్కటే పైకి లేచాయి. అన్నిటికన్నా చివర పొడుగాటి వేళ్ళ చేతులు రెండు, ఇష్టం లేనట్టుగా లేచాయి. అవి ఎవరివో ఆయమ్మకు తెలుసు.

"ఎందుకు?" అంది డాక్టరమ్మ.

జవాబు తలుపు ఇవతలికి వినపడలేదు. మెతక సిస్టరు సరిగ్గానే చెప్పిందో, పొరబడిందో ఆయమ్మకు తెలియలేదు, ఇక తెలియదు కూడా. చేతులు దిగాయి. పని మళ్ళీ మొదలైంది. కాసేపటికి గుక్కపెట్టిన ఏడుపు వినిపించింది. "వచ్చావుగా, సర్దుకో" అని గీత ఇవతల నుంచే గొణిగి, ఆయమ్మ సంచి భుజానికి తగిలించుకుని వెనక బిల్డింగు వైపు నడిచింది. నడుము నిటారుగానే ఉంది.

గీత పక్కన ఆమె గదిలో తొడుక్కునే చెప్పులు ఉండిపోయాయి. నీలం రంగువి, మడమల దగ్గర అరిగి పలచబడినవి, ఒకదాని పట్టీ తెగితే పిన్నీసు గుచ్చినవి, మొనలు రెండూ గది వైపే తిరిగి ఉన్నాయి.